చేతితో చేసిన స్నూకర్ క్యూ: లండన్‌దా, థాయిలాండ్‌దా?

ప్రశ్న: విశాఖ_బల్ల

నమస్కారం. విశాఖపట్నంలో పదకొండేళ్ళుగా స్నూకర్ ఆడుతున్నాను. నా అత్యధిక బ్రేక్ (ఒక్క విడతలో ఆగకుండా సాధించిన పాయింట్లు) 64. ఇన్నేళ్ళూ ఒకే క్యూతో (బంతిని కొట్టే కర్రతో) ఆడాను. అది యంత్రం మీద తయారైన యాష్ చెక్క క్యూ, పొడవు 58 అంగుళాలు. కొన్నప్పుడు దాని మీద ఇతర కొలతలేవీ రాసి లేవు. ఈ ఏడాది ఉద్యోగంలో కొంత బకాయి సొమ్ము చేతికి రావడంతో, ఒక్కసారైనా చేతితో చేసిన మంచి క్యూ కొనాలన్న చిరకాలపు కోరిక తీర్చుకుందామని అనుకుంటున్నాను.

నా ముందు రెండు దారులున్నాయి. మొదటిది, లండన్‌లోని జాన్ ప్యారిస్ కార్ఖానాలో నా కొలతలకు చేయించుకోవడం. ఇందులో నిరీక్షణ ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. రెండవది, థాయిలాండ్‌లో చేతితో చేసే తయారీదారుల వద్ద సిద్ధంగా ఉన్న క్యూలలో ఒకటి తెప్పించుకోవడం. నేను చూసిన క్యూ బట్ (చేతితో పట్టుకునే లావు భాగం) మీద నల్లని ఎబొనీ చెక్క మధ్య నాలుగు రంగుల పలుచని పొరలు పొదిగి ఉన్నాయి. చూడడానికి అద్భుతంగా ఉంది, నాకు చెప్పిన ధర కూడా లండన్ క్యూలో సగానికి మించదు. బరువు 18.5 ఔన్సులు ఉండాలనీ, ఈసారి మేపుల్ చెక్క షాఫ్ట్ (బట్ ముందుండే సన్నని పొడవు భాగం) తీసుకోవాలనీ అనుకుంటున్నాను. ధరలోని తేడా ఆటలో కనిపిస్తుందా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: నల్లబంతి

ఎవరి వద్ద కొనాలన్న ప్రశ్నను కొద్ది రోజులు పక్కన పెట్టండి. ముందుగా మీ పాత క్యూను కొలవండి. టిప్ (బంతిని తాకే తోలు మొన) వ్యాసాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో చూడండి. వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచండి. 18 ఔన్సులంటే సుమారు 510 గ్రాములు. ఆ తరువాత క్యూను ఒక వేలి మీద అడ్డంగా నిలిపి, అది అటూ ఇటూ వాలకుండా నిలిచే చోటు బట్ చివర నుంచి ఎన్ని అంగుళాలుందో రాసుకోండి. టిప్ నుంచి 12 అంగుళాల వద్దా, 24 అంగుళాల వద్దా షాఫ్ట్ మందం ఎంతో కూడా రాసుకోండి. చాలామంది చివరి రెండు కొలతలను విస్మరిస్తారు గానీ, షాఫ్ట్ గట్టిదనాన్ని ఎక్కువగా నిర్ణయించేవి అవే.

ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే, సైడ్ పెట్టి (బంతి మధ్యలో కాక పక్కన తాకించి) కొట్టిన ప్రతిసారీ తెల్లబంతి మనం గురిపెట్టిన గీత నుంచి కొద్దిగా పక్కకు తొలగి బయలుదేరుతుంది. ఆ తొలగింపు ఎంత అన్నది ముఖ్యంగా టిప్ వైపు కొన్ని అంగుళాలలో ఉన్న బరువును బట్టి మారుతుంది. సన్నని టిప్, తేలికైన ఫెర్రూల్ (టిప్ కింద ఉండే తొడుగు) ఉన్న క్యూలో అది తక్కువ. లావు టిప్, బరువైన ఇత్తడి ఫెర్రూల్ ఉన్న క్యూలో ఎక్కువ. పదకొండేళ్ళలో మీ కన్నూ చెయ్యీ ఒకే తొలగింపుకు అలవాటుపడి, మీకు తెలియకుండానే గురిని సర్దుకుంటున్నాయి. ఇప్పుడు చెక్క, బరువు, టిప్, తూకపు చోటు అన్నీ ఒకేసారి మార్చితే, కొత్త క్యూ ఎంత గొప్పదైనా కొన్ని నెలల పాటు సులువైన పాట్‌లు (బంతిని గుంటలో వేసే దెబ్బలు) కూడా తప్పుతాయి. అప్పుడు తప్పు క్యూదా, మీదా అన్నది కూడా తేలదు.

స్కాట్లాండ్ ఆటగాడు స్టీఫెన్ హెండ్రీ 1990 నుంచి 1999 వరకు ఏడు ప్రపంచ టైటిళ్ళు గెలిచింది ఏమంత ఖరీదు లేని క్యూతోనే. 2003లో విమాన ప్రయాణంలో అది బాగుచేయడానికి వీలు లేనంతగా విరిగిపోయింది. అంతటి ఆటగాడికి కూడా చేతికి అలవాటైన కొలతలే ధర కన్నా ముఖ్యమయ్యాయి.

అలాగని చేతిపనికి విలువ లేదని అనడం లేదు. మంచి తయారీదారు షాఫ్ట్ చెక్కను ఏళ్ళ తరబడి ఆరబెట్టి, కొద్దికొద్దిగా చిత్రిక పడుతూ, మధ్యలో వంగిన ముక్కలను పక్కన పడేస్తాడు. మీరిచ్చే సొమ్ములో పెద్ద భాగం నిజానికి ఆ పారేసిన ముక్కలకే పోతుంది. అందుచేత డబ్బును షాఫ్ట్ మీద పెట్టండి. బట్ మీది రంగులు మీ పిడికిటి కింద ఉంటాయి.

సమాధానం: తునికాకు

నల్లబంతి గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తున్నాను. అయితే దాన్నిబట్టి లండన్‌కే వెళ్ళాలని ఎవరైనా అనుకుంటే అది సరికాదు. థాయ్ ఆటగాడు జేమ్స్ వట్టానా విజయాల తరువాత థాయిలాండ్‌లో స్నూకర్ ఎంతగా పెరిగిందో, దానితో పాటు క్యూలు చేసే చేతులూ అంతగానే పెరిగాయి. స్ప్లైస్ పనిలో (షాఫ్ట్‌కు బట్ చెక్కను అతికించడంలో) అక్కడి మంచి వారు ఎవరికీ తీసిపోరు.

స్ప్లైస్ చూడడం ఎలాగో చెబుతాను. చేతితో చేసినప్పుడు షాఫ్ట్ అడుగు భాగాన్ని నాలుగు వైపులా చిత్రిక పట్టి, ఒక్కొక్క ముఖానికి ఒక ఎబొనీ ముక్కను అతికించి, మళ్ళీ గుండ్రంగా చెక్కుతారు. అందువల్ల ఎబొనీ పై అంచులు గుడి తోరణంలా వంపు తిరిగి ఉంటాయి. యంత్రపు స్ప్లైస్‌లో అవి సూదిమొనల్లా ఉంటాయి. నాలుగు తోరణాలూ ఒకే ఎత్తున ఉంటే పనివాడి చెయ్యి నిలకడగా ఉందని అర్థం. అయితే సూదిమొనల క్యూతో ఆట చెడిపోతుందన్నది మాత్రం అపోహ; ఇది పనితనానికి గుర్తే గానీ పాట్‌కు హామీ కాదు. ఇంకొక మాట: ఎబొనీ ఎక్కడో పుట్టిన వింత చెక్కేమీ కాదు, మన అడవుల్లో బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టూ ఆ వంశానిదే.

నేను మోసపోయింది కూడా ఈ అందం వల్లనే. ఆరేళ్ళ క్రితం ఒకరి వద్ద (పేరు అనవసరం) బట్ ఫొటోలు చూసి క్యూ తెప్పించాను. షాఫ్ట్ ఫొటో అడగనే లేదు. వచ్చిన యాష్‌లో చారలు పక్కకు జారిపోయి ఉన్నాయి. గట్టిగా స్క్రూ (తెల్లబంతి వెనక్కి వచ్చేలా కింద తాకించే దెబ్బ) కొడితే షాఫ్ట్ ఈతబెత్తంలా ఊగేది. మొదటి వానాకాలంలోనే రాజమండ్రి తేమకు బట్‌లో ఒక రంగు పొర అంచు పైకి లేచింది.

కాబట్టి సిద్ధంగా ఉన్న క్యూ కొంటే షాఫ్ట్ పూర్తి పొడవునా నాలుగు వైపుల ఫొటోలు అడగండి. యాష్‌లో బాణపు మొనల వంటి గీతలు ఒకే ముఖం మీద వరుసగా, షాఫ్ట్ మధ్య గీతను వదలకుండా సాగాలి. మిగతా పక్కల చారలు నిటారుగా ఉండాలి. ఆ గీతలను పైకి పెట్టి ఆడడం వల్ల క్యూ ప్రతిసారీ ఒకే తీరున చేతిలో నిలుస్తుంది. మేపుల్‌లో ఇవి కనిపించవు. అది నునుపుగా ఉండి చేతిలో బాగా జారుతుంది గానీ, గీతలకు అలవాటుపడిన కంటికి బోసిగా ఉంటుంది. పదకొండేళ్ళు యాష్‌తో ఆడినవారు మేపుల్‌కు మారాలంటే కారణం బలంగా ఉండాలి. మీరు కారణమేదీ చెప్పలేదు.

సమాధానం: ముప్పావు_జాయింట్

ఒక్క విషయం ఎవరూ ప్రస్తావించలేదు. టోర్నమెంట్లకు మీరు విమానంలో వెళతారా? క్యూను క్యాబిన్‌లోకి తీసుకువెళ్ళనివ్వరు. ముప్పావు జాయింట్ క్యూలో (ముప్పావు, పావు భాగాలుగా విడిపోయేది) కలిపే ఇత్తడి భాగం బట్‌లో ఉంటుంది గనుక షాఫ్ట్ అఖండంగా ఉంటుంది, ఆడడానికి నాకు అదే ఇష్టం. కానీ దాని పెట్టె పొడవు మూడున్నర అడుగులు దాటుతుంది. సగానికి విడిపోయే నడిమి జాయింట్ క్యూ పెద్ద సూట్‌కేసులో బట్టల మధ్య పడుతుంది. రైలులో తిరిగేవారికి ముప్పావు జాయింట్ చాలు.

క్యూ చేతికి అందగానే బల్ల మీద దొర్లించి వంకర అని తేల్చేయకండి. చేతితో చిత్రిక పట్టిన బట్ కొద్దిగా ఎగుడుదిగుడుగా ఉన్నా దొర్లేటప్పుడు షాఫ్ట్ ఎగిరినట్టు కనిపిస్తుంది. బట్ నుంచి టిప్ వైపు ఒక కన్ను మూసి, తిప్పుతూ చూడండి. తరువాత క్యూ మధ్యలో వదులుగా పట్టుకుని బట్‌ను అరచేత్తో తట్టండి. గరగరమన్న చప్పుడు వస్తే జాయింట్ గాని, ఫెర్రూల్ గాని వదులుగా ఉన్నట్టే. మీది సముద్రపు ఊరు గనుక క్యూను గోడకు ఆనించి వదలకండి, ఎండలో నిలిపిన కారులో అసలే ఉంచకండి. లక్క మెరుగు కన్నా అవిసె నూనె పట్టించిన షాఫ్ట్ తీసుకుంటే చెమట చేతికి అంటుకోదు.

విశాఖ_బల్ల

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి కొలిచాను. నా పాత క్యూ 498 గ్రాములు, అంటే 17.5 ఔన్సుల పైచిలుకు. నేనేమో ఇంకో ఔన్సు బరువైనది అడగబోయాను. టిప్ 9.5 అనుకున్నాను, 9.8 మిల్లీమీటర్లు ఉంది. తూకపు చోటు బట్ నుంచి 17 అంగుళాల వద్ద ఉంది. మేపుల్ కావాలనుకోవడానికి నా వద్ద కారణం నిజంగానే లేదు. మా క్లబ్బులో బాగా ఆడే ఒకాయన చేతిలో చూశాను, అంతే.

థాయిలాండ్ వారికి ఈ కొలతలన్నీ రాసి, వీటికి దగ్గరగా ఉండే యాష్ షాఫ్ట్‌ల ఫొటోలు అడిగాను. రంగుల బట్ మాట ఎత్తలేదు. నెల రోజుల్లో సరైనది దొరకకపోతే లండన్‌కే రాసి, వరుసలో నిలబడతాను. నేను తిరిగేది రైలులోనే గనుక ఏదైనా ముప్పావు జాయింటే. ఇప్పుడు వాడుతున్న ఎల్క్ మాస్టర్ రకం టిప్‌నే కొత్త క్యూకు కూడా పెట్టమని అడుగుతాను.