అప్‌డేట్: 'ప్రొనున్‌సియామియెంతో' అర్థం దొరికింది

స్పెయిన్ చరిత్ర వ్యాసం అనువదిస్తూ ఈ మాట దగ్గర ఆగిపోయి, ఇది మానిఫెస్టో లాంటిదేనా అని అడిగాను. సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు.

'1820 నాటి రియేగో సంగతి చూడండి' అన్న సలహాతోనే ముడి విడింది. ఆ ఏడాది జనవరి 1న సెవిల్ దగ్గర లాస్ కబేసాస్ దె సాన్ హువాన్ అనే ఊళ్లో, అమెరికాలోని స్పెయిన్ వలస రాజ్యాలకు పంపాల్సిన సైనికుల ముందు రఫాయెల్ దెల్ రియేగో అనే సైన్యాధికారి, రాజు అధికారానికి హద్దులు పెట్టే 1812 రాజ్యాంగాన్ని ప్రకటించాడు. మార్చికల్లా రాజు ఏడవ ఫెర్నాండో దానికి తలొగ్గాడు. అంటే ఇది ఉత్త ప్రకటన కాదు. సైన్యాధికారి బహిరంగంగా ఎదురుతిరిగి, మిగతా దళాలూ తనతో కలుస్తాయని ఎదురుచూడడం.

మూలం లాటిన్ 'ప్రోనున్షియారే', బయటికి చాటడం. నాకు స్పానిష్ నేర్పే మాస్టారు ఇంకోటి చెప్పారు: 'ప్రొనున్‌సియార్సే' అంటే అభిప్రాయం చెప్పడమే కాదు, తిరుగుబాటు చేయడం కూడా. నాకైతే ఇదే అసలు తాళంచెవి.

ఇంగ్లీషులో ఈ మాట కాస్త వేరుగా కనిపిస్తే అచ్చుతప్పేమో అన్న అనుమానం అనవసరం. ఇంగ్లీషువాళ్లు ఒక 'ఇ' తీసేసి 'ప్రొనన్సియమెంటో' అంటారు, ఆడంబరపు ప్రకటనలకూ వాడతారు. మానిఫెస్టో ఇటాలియన్ మాట, దీనితో సంబంధం లేదు.

నా అనువాదంలో 'ప్రకటన' కొట్టేసి 'సైనిక తిరుగుబాటు ప్రకటన' అని రాశాను.