ఎడిసన్‌లో కొత్త అపార్ట్‌మెంట్లు ఇక చాలా, ఇంకా కావాలా?

నార్త్ ఎడిసన్ నాన్న:
సూటిగానే అడుగుతున్నాను. న్యూజెర్సీలో మన ఎడిసన్ టౌన్‌షిప్‌లో కొత్త అపార్ట్‌మెంట్లు కట్టడం ఇక ఆపాలా, వద్దా? నా ఓటు ఆపాలనే. సుమారు 30 చదరపు మైళ్ళ ఊరు. 2020 జనాభా లెక్కల్లో 1,07,588 మందిమి తేలాం. శనివారం సాయంత్రం మన ఇండియన్ షాపులుండే ఓక్ ట్రీ రోడ్డు మీద కారు నడిపినవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. స్కూళ్ళు నిండిపోయాయి. ఆ స్కూళ్ళ ఖర్చులో పెద్ద వాటా మన ప్రాపర్టీ టాక్సే. బిల్డర్ కట్టి, లాభం చూసుకుని పోతాడు. ఆ పిల్లలకు క్లాసురూములు కట్టించే భారం మాత్రం మన మీద పడుతుంది. ప్రశాంతమైన సబర్బ్ అని అప్పు చేసి మరీ ఇల్లు కొన్నాం. చూస్తుండగానే సిటీ అయిపోతోంది.

రారిటన్ పాతకాపు:
నాన్నగారూ, మీరు కొన్న సబర్బ్ ఏ సంవత్సరం నాటిదో చెప్పండి. ఎందుకంటే ఈ ఊరు ఎప్పుడూ ఒక్క తీరున లేదు.

1870లో పిస్కాటవే, వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌ల నుంచి కొంత కొంత తీసి రారిటన్ టౌన్‌షిప్ ఏర్పాటు చేశారు. అదే మన ఊరి పాత పేరు. అప్పుడు ఉన్నవి పొలాలు, బంకమట్టి గోతులు. 1876లో థామస్ ఎడిసన్ ఈ టౌన్‌షిప్‌లోని మెన్లో పార్కులో ల్యాబ్ పెట్టాడు. 1877లో ఫోనోగ్రాఫ్, 1879లో బల్బు అక్కడే పుట్టాయి. అందరూ ఊరు ఆయన వల్లే పెరిగిందనుకుంటారు. ఆయన 1887 నాటికి వెస్ట్ ఆరెంజ్‌లో ఇంకా పెద్ద ల్యాబ్ కట్టుకుని వెళ్ళిపోయాడు, మెన్లో పార్కు మళ్ళీ సద్దుమణిగింది. మనం ఆయన పేరు పెట్టుకున్నదే 1954లో.

ఊరిని నిజంగా పెంచింది సైన్యం, ఆ తర్వాత కార్లు. 1917లో నది ఒడ్డున రారిటన్ ఆర్సెనల్ అనే సైన్యం ఆయుధాల డిపో వచ్చింది. 1942లో పిస్కాటవే సరిహద్దు మీద క్యాంప్ కిల్మర్ అనే సైనిక శిబిరం వచ్చింది. 1956లో సోవియట్ ట్యాంకులకు భయపడి పారిపోయి వచ్చిన హంగరీ శరణార్థుల్లో వేలమంది అమెరికాలో మొదట దిగింది ఆ బ్యారక్స్‌లోనే. 1948లో రూట్ 1 మీద ఫోర్డ్ ఫ్యాక్టరీ తెరిచారు, 2004 దాకా నడిచింది. మధ్యలో టర్న్‌పైక్, పార్క్‌వే అనే పెద్ద హైవేలు వచ్చాయి. ఇక అంకె చూడండి: 1950లో 16,348 మంది, 1960లో 44,799. పదేళ్ళలో దాదాపు మూడింతలు! మీరు గోల పెడుతున్న పెరుగుదల ఎంత? 2010లో 99,967 ఉన్నది 2020కి 1,07,588 అయింది. వందకు ఎనిమిది కూడా లేదు.

ఇంకో మాట. 1990ల్లో పాత ఆర్సెనల్ భూమిలోని రారిటన్ సెంటర్ బిజినెస్ పార్కులో గుజరాతీలు నవరాత్రి గర్బాలు పెడితే టౌన్‌షిప్ వేళల మీద ఆంక్షలు పెట్టింది, గొడవ కోర్టుదాకా పోయింది. చప్పుడు, ట్రాఫిక్, పార్కింగ్, అప్పుడు వినిపించిన ఫిర్యాదులు అవే. ఇవాళ ఈ ఊళ్ళో సగానికి పైగా ఆసియా మూలాలవాళ్ళమే. అవే ఫిర్యాదులు ఇప్పుడు మన నోట వినపడుతున్నాయి.

బెంచ్ బాబు:
పాతకాపు అన్నా, సూపర్. నేను కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లో హాల్లో పరుపు వేసుకుని పడుకుని ప్రాజెక్ట్ వెతుక్కున్న బాపతు. ఇప్పుడు పెళ్ళయింది, ఉద్యోగం ఉంది, గ్రీన్‌కార్డు ఎప్పటికొస్తుందో దేవుడికే తెలియాలి. ఇల్లు కొనాలంటే టెన్షన్, అద్దెకుందామంటే ఇళ్ళు లేవు. నాన్నగారూ, మీరూ మొదట అపార్ట్‌మెంట్‌లోనే దిగి ఉంటారు కదా? మేమెక్కడ దిగాలి?

క్లారా బార్టన్ కాపరి:
పాతకాపు గారి చరిత్ర బాగుంది గానీ, పోలిక సరిగ్గా లేదు. 1950ల్లో పొలాలున్నాయి, కాబట్టి కట్టారు. ఇప్పుడు మిగిలిన నేల ఎలాంటిది? ఉత్తరాన డిస్మల్ స్వాంప్ చిత్తడి, దక్షిణాన రారిటన్ నది పల్లం. మధ్యలో ఖాళీ ఉన్నచోటల్లా ఏదో ఒక పైపో, పాత ఫ్యాక్టరీ మట్టో. 1994 మార్చి 23 రాత్రి డర్హమ్ వుడ్స్ అపార్ట్‌మెంట్ల పక్కన గ్యాస్ పైప్‌లైన్ పేలింది. ఎనిమిది అపార్ట్‌మెంట్ బిల్డింగులు కాలిపోయాయి. 36 అంగుళాల పైపుకు అంత చేరువలో జనాన్ని ఉంచమని అనుమతి ఇచ్చింది ఎవరు? 2021లో ఐడా తుఫాను వచ్చిన రాత్రి మా బేస్‌మెంట్‌లో మోకాలి లోతు నీళ్ళు. పైన పరిచిన ప్రతి పార్కింగ్ లాట్ నీళ్ళూ కిందికే వస్తాయి. నేను మనుషులకు వ్యతిరేకిని కాను, కాంక్రీటుకు వ్యతిరేకిని.

ట్రాఫిక్ అంటే అందరూ అపార్ట్‌మెంట్లనే అంటారు. ఆర్సెనల్ 1964లో మూతపడ్డాక ఆ భూమిలో చాలాభాగం గోడౌన్లే అయింది. మా వైపు రోడ్లను పాడుచేస్తున్నది ఆ ట్రక్కులు. గోడౌన్‌కు పిల్లలుండరు, టాక్స్ వస్తుంది, అందుకే ఎవరూ నోరెత్తరు.

మెటూచెన్ అక్క:
పక్క ఊరిదాన్ని, అయినా అడ్డొస్తున్నా. అసలు చిక్కు మ్యాపులోనే ఉంది. మెటూచెన్ 1900లో, హైలాండ్ పార్క్ 1905లో మీ టౌన్‌షిప్ నుంచి విడిపోయాయి. నడిచి తిరగగలిగే బజారు, పాత రైల్వే స్టేషన్ మా దగ్గర ఉండిపోయాయి. మీకు మిగిలింది మా చుట్టూ ఉన్న నేల. గారెలో చిల్లు మేము, గారె మీరు! అందుకే లక్ష దాటిన ఊరికి డౌన్‌టౌన్ లేదు. ప్రతి పనికీ కారు తీయాలి. అపార్ట్‌మెంట్ కట్టినా ప్రతి ఇంటికీ రెండు కార్లు. జనం ఎక్కువై కాదు బాబూ ట్రాఫిక్, కాలినడకన పోయే చోటు లేక.

నార్త్ ఎడిసన్ నాన్న:
అక్కా, అయితే మళ్ళీ కలిసిపోదాం రండి. ప్రిన్స్‌టన్‌లో బరో (మధ్యలో ఉన్న చిన్న పట్టణం), దాని చుట్టూ ఉన్న టౌన్‌షిప్ రెండూ 2013లో కలిసిపోలేదా?

మెటూచెన్ అక్క:
కలిశాయి, మూడుసార్లు ఓటింగ్‌లో ఓడాక! 1953, 1979, 1996, మూడుసార్లూ కాదన్నారు. 2011లో గానీ ఒప్పుకోలేదు. మా స్కూళ్ళు, మా టాక్స్ వదులుకుని మీ బడ్జెట్‌లో కలుస్తామా? ఆ ఆశ పెట్టుకోకండి. దానికి బదులు మీ స్టెల్టన్ వైపు చూసుకోండి. అదే, ఇప్పటి ఎడిసన్ స్టేషన్. న్యూయార్క్ రైలు ఆగే చోట చుట్టూ ఉన్నది కార్లు నిలిపే స్థలం. కట్టేదేదో అక్కడ కట్టుకుంటే డౌన్‌టౌన్ దానంతటదే వస్తుంది.

రారిటన్ పాతకాపు:
కాపరి గారి మాటతో నాకు పేచీ లేదు. పల్లంలో, పైపు పక్కన వద్దు. కానీ నాన్నగారు అనే "పూర్తిగా ఆపడం" న్యూజెర్సీలో కుదరదు. మౌంట్ లారెల్ అనే ఇంకో టౌన్‌షిప్, అదీ మనలాగే పొలాల్లోంచి పెరిగిందే, తక్కువ ఆదాయం వాళ్ళకు ఇళ్ళు రాకుండా జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే నిబంధనలు) పెట్టుకుంది. తరతరాలుగా అక్కడున్న నల్లజాతి కుటుంబాలు కూడా ఊరు వదిలే పరిస్థితి వచ్చింది. 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు అది చెల్లదంది. 1983లో ఇంకా గట్టిగా చెప్పింది: ప్రతి ఊరూ తన వాటా ఇళ్ళకు చోటు చూపించాలి. చూపించకపోతే బిల్డరే కోర్టుకెళ్ళి, కొన్ని తక్కువ ధర ఇళ్ళు కలిపి, తనకు నచ్చిన చోట కట్టుకునే హక్కు తెచ్చుకోవచ్చు. 2024లో చట్టం మార్చాక 2025 నుంచి కొత్త పదేళ్ళ లెక్క మొదలైంది. అంటే మనం "వద్దు" అని చేతులు కట్టుకు కూర్చుంటే, ఎక్కడ కట్టాలో బిల్డర్ తేలుస్తాడు. స్టేషన్ దగ్గర, ఖాళీ పడిన ఆఫీసు పార్కుల్లో అని మనమే ముందు గీత గీస్తే ఆ చిత్తడి నేలా మిగులుతుంది, కాపరి గారి బేస్‌మెంటూ మిగులుతుంది.

బెంచ్ బాబు:
స్టేషన్ పక్కనైతే నేను రెండో కారు అమ్మేస్తా. అద్దె ఎంతుంటుందో ఎవరైనా చెప్పండి ముందు.

నార్త్ ఎడిసన్ నాన్న:
బాబూ, స్టేషన్ పక్కన కొత్త బిల్డింగులో అద్దె చూశాక మళ్ళీ మాట్లాడదాం. పాతకాపు గారూ, కోర్టు సంగతి సరే, చోటు మనమే చూపించాలన్నదీ సరే. ఆ పక్కనే స్కూలుకు కూడా చోటు చూపించే ప్లాన్ ఒక్కటైనా ఎవరైనా తెచ్చారా? 1950ల్లో జనం మూడింతలైనప్పుడు, 1956లో ఎడిసన్ హైస్కూల్, 1964లో జేపీ స్టీవెన్స్ తెరిచారు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో మూడో హైస్కూల్ లేదు. మీ అంకెలు మీకే అప్పజెబుతున్నాను: 1960లో 44,799 మందికి ఒక హైస్కూల్, ఇప్పుడు లక్ష దాటితే రెండు. ముందు స్కూలు, తర్వాత బిల్డింగు. ఇక్కడ మాత్రం నేను కదలను.