ట్యాంకు ఓవర్‌ఫిల్ ట్రిప్‌కు స్విచ్ చాలా, ట్రాన్స్‌మిటర్ పెట్టాలా?

లూప్‌చెక్:
మా ప్లాంట్‌లో సాల్వెంట్ ట్యాంకులకు ఓవర్‌ఫిల్ ట్రిప్, అంటే ట్యాంకు పొంగిపోకముందే నింపడాన్ని తనంతట తానే ఆపే ఏర్పాటు, పెడుతున్నారు. రోజూ లెవెల్ చూసుకోవడానికి, పైనుంచి తరంగాలు పంపి కొలిచే రాడార్ ఉంది. దానితో సంబంధం లేకుండా ఇంకొకటి ఉండాలని అందరూ ఒప్పుకున్నారు. ద్రవం ఒక ఎత్తుకు చేరినప్పుడే కదిలే ఫ్లోట్ స్విచ్ చాలని ప్రాజెక్ట్ వాళ్లు, లెవెల్‌ను ఎప్పుడూ కరెంటు సిగ్నల్‌గా పంపే ట్రాన్స్‌మిటరే కావాలని నేను.

స్విచ్ ఏడాదంతా మౌనంగా ఉంటుంది. బాగుండి మౌనంగా ఉందో, ఇరుక్కుపోయి ఉందో కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్లకు తెలిసే దారి లేదు. ట్రాన్స్‌మిటర్ నుంచి ట్యాంకు ఖాళీగా ఉన్నా 4 మిల్లీఆంపులు వస్తూనే ఉండాలి. వైరు తెగితే సున్నాకు పడుతుంది, వెంటనే తెలుస్తుంది. పైగా సరుకు దింపుతున్నప్పుడు రెండు రీడింగులూ కలిసి పెరగాలి. తేడా వస్తే ఆ రోజే పట్టుకోవచ్చు.

2005 డిసెంబర్ 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్‌లో ఏమైంది? తెల్లవారుజామున 3 దాటాక 912వ ట్యాంకు గేజ్ ఒకే అంకె దగ్గర ఆగిపోయింది. పెట్రోలు వస్తూనే ఉంది. ఆపాల్సిన హై లెవెల్ స్విచ్ పనిచేయలేదు. 6 గంటలకు పేలింది.

బి_షిఫ్ట్:
అన్నా, బన్స్‌ఫీల్డ్ కథ సగమే చెప్పారు. ఆ స్విచ్‌కు టెస్ట్ లివర్ ఉంది. దాన్ని సరైన చోట పట్టి ఉంచే తాళం వేయలేదు. ఆ తాళం లేకపోతే స్విచ్ పనికిరాదన్న సంగతి అక్కడివాళ్లకు తెలియదు. ఇక ఆ గేజ్ ఆగస్టు చివరి నుంచి 14 సార్లు ఇరుక్కుంది. అయినా అలాగే నడిపారు. ఇందులో స్విచ్ అనే పరికరం చేసిన నేరం ఏముంది?

సిగ్నల్ వస్తోంది కాబట్టి నిజం చెబుతోందనుకోవడం నాకు భయం. అదే ఏడాది మార్చి 23న అమెరికాలో టెక్సస్ సిటీ రిఫైనరీ పేలుడు చూడండి. 170 అడుగుల టవర్‌లో ద్రవం 158 అడుగులకు చేరింది. లెవెల్ ట్రాన్స్‌మిటర్ మాత్రం 80 శాతం లోపే చూపించింది, అదీ తగ్గుతున్నట్టుగా. అది కొలిచేది అడుగున కొన్ని అడుగులే. లెవెల్ కొలవడానికి ద్రవంలో వేలాడే డిస్‌ప్లేసర్ పూర్తిగా మునిగాక, వేడికి ద్రవం సాంద్రత తగ్గేకొద్దీ రీడింగ్ కిందికి జారింది. వైరు తెగలేదు, సిగ్నల్ పోలేదు. 15 మంది చనిపోయారు.

లూప్‌చెక్:
అక్కడ విడిగా ఉన్న హై లెవెల్ స్విచ్ కూడా మోగలేదు కదా గురూ. దాన్ని వదిలేశారేం?

స్టోరేజ్_యార్డ్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. ఎక్కడ కొలుస్తున్నామన్నది మీరిద్దరూ మాట్లాడట్లేదు. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ స్టైరీన్ ట్యాంకు సంగతి చూడండి. ఉష్ణోగ్రత కొలిచేది అడుగున మాత్రమే అని హైపవర్ కమిటీ తేల్చింది. పైపొరలు వేడెక్కి పాలిమరైజ్ అవుతున్నా (అణువులు గొలుసులా కలిసిపోతున్నా) అడుగున ఉన్న సెన్సర్‌కు ఆ సంగతి అందదు. ఆ సెన్సర్ ఎంత మంచిదైతే మాత్రం ఏం లాభం?

లూప్‌చెక్ గారూ, మీ రెండో ట్రాన్స్‌మిటర్ కూడా రాడారేనా? నురగకో, నాజిల్‌లో పేరుకున్న మడ్డికో రెండూ ఒకేసారి మోసపోతాయి. పెడితే వేరే పద్ధతిలో కొలిచేది పెట్టండి.

బి_షిఫ్ట్:
ఇది మాత్రం కరెక్ట్. ఇంకొకటి. ట్రాన్స్‌మిటర్ టెస్ట్ అంటే చాలాచోట్ల కాలిబ్రేటర్ అనే పరికరంతో ట్యాంకు నిండినట్టు 20 మిల్లీఆంపులు పంపి, ట్రిప్ వచ్చిందని సంతకం పెడతారు. దానితో వైరింగ్, లాజిక్, వాల్వ్ బాగున్నాయని తెలుస్తుంది. సెన్సర్ సంగతి తెలియదు. స్విచ్‌నైతే కనీసం లివర్ ఎత్తి చూస్తాం.

లూప్‌చెక్:
లివర్ ఎత్తితే స్విచ్ కదిలిందని తెలుస్తుంది, ద్రవంలో ఫ్లోట్ తేలుతుందని కాదు. నేను ట్రాన్స్‌మిటర్ మాట వదలను. అయితే రాడార్ కాకుండా వేరే రకం అడుగుతాను. రెండింటి మధ్య తేడాకు అలారం కూడా రాయిస్తాను. టెస్ట్ ఎన్ని నెలలకోసారి, ఎవరు చేస్తారు, ట్రిప్ పనిచేయకుండా బైపాస్‌లో పెడితే ఎవరి అనుమతి కావాలి అన్నవి ఆర్డర్ ఇచ్చే ముందే కాగితం మీద ఉండాలని రేపటి మీటింగ్‌లో పట్టుబడతాను.