వీబీఎస్ పది రోజులా, మూడు రోజులా?

హనుమకొండ టీచరమ్మ:
ఈసారి మా చర్చి సంఘంలో పది రోజుల వీబీఎస్‌ను (వేసవి సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ బడి) మూడు రోజులకు కుదించాలని కమిటీలో మాట వచ్చింది. పాటలు ప్రొజెక్టర్ మీద, కథలు యూట్యూబ్‌లో, చివరి రోజు బిర్యానీ. నాకైతే ససేమిరా ఇష్టం లేదు. మొదటి రెండు రోజులు కొత్త పిల్లలు పేరు చెప్పడానికే సిగ్గుపడతారు. మూడో రోజు గొంతు విప్పుతారు, అప్పుడే షామియానా విప్పేస్తామా? మీ దగ్గర ఎట్లా చేస్తున్నారు?

కాజీపేట క్వార్టర్స్:
అక్కా, రోహిణి ఎండలకు రోళ్లు పగులుతయంటరు. మే నెలల మన దగ్గర 44 డిగ్రీలు కూడా దాటుతది. మాది రేకుల షెడ్డు, యాభై అరవై మంది పిల్లగాండ్లకు రెండు ఫ్యాన్లు. పోయినేడు ఒక పాప వాంతి చేసుకుంటే ఓఆర్ఎస్ తాగించి ఇంటికి తోలినం. పది రోజులు కావాలని కూసున్నకాడ అనుడు అల్కగనే ఉంటది, ఆ షెడ్డుల ఉడికేది పిల్లలు.

డోర్నకల్ మనవడు:
అసలు ఈ పది అనే లెక్క ఎవరు పెట్టారు? 1898లో న్యూయార్క్‌లో ఎలైజా హాస్ అనే ఆమె వీధుల్లో తిరిగే పిల్లల కోసం వేసవి బైబిల్ బడి పెట్టింది. వేరే చోటు దొరక్క బీరు షాపు అద్దెకు తీసుకుందట! (మన కమిటీలైతే ఆమెను సంఘంలోంచి వెలివేసేవాళ్లు.) 1901లో రాబర్ట్ బోవిల్ దాన్ని నగరంలో మరిన్ని చోట్లకు తీసుకెళ్లాడు. అప్పట్లో వారాల తరబడి నడిచేవి. అంటే మన పది రోజులే కుదించినవి.

నాకు బాధ పాటల గురించి. 1912లో డోర్నకల్ బిషప్‌గా వచ్చిన అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. మన పల్లెల్లో సువార్తను భజనలతో, పాటలతో పాడించినవారు. 1939లో ప్రతిష్ఠించిన మా కెథడ్రల్ చూడండి, గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ ఒక్క కట్టడంలోనే ఉంటాయి. ఆ గడ్డ మీద పిల్లలు అమెరికా థీమ్ పాటకు పెదాలాడిస్తూ నిలబడుతున్నారు. దానికి మూడు రోజులైనా ఎక్కువే.

మహబూబాబాద్ అమ్మ:
బ్రదర్, మా బాబు ఇంగ్లీష్ మీడియం, తెలుగు చదవడం రాదు. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అన్న కంఠత వాక్యాన్ని హాజరు కార్డు వెనక ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొచ్చాడు. అన్నం తింటూ, చెప్పులేసుకుంటూ అదే గొణుగుడు. తప్పు లేకుండా అప్పజెప్పేసరికి వారం పట్టింది. మూడు రోజులే అయితే స్టిక్కర్లతోనే ఇంటికొచ్చేవాడు.

హనుమకొండ టీచరమ్మ:
అదే నేను చెప్పేది! ఎండ భయమైతే ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదింటికి వదిలేద్దాం.

కాజీపేట క్వార్టర్స్:
ఆరున్నరకు మీ పిల్లలు లేస్తరా అక్కా? మా ఇంట్లయితే ఎనిమిదైనా దుప్పటి తియ్యరు. సరే, ఏడింటికైతే వారం దాకా ఒప్పుకుంట. ఆఖరి రోజు ఊరేగింపు మాత్రం పొద్దుమూకినంకనే పెట్టాలె, పోయినసారి లెక్క పదకొండింటికి బ్యానర్లు పట్టిచ్చి మెయిన్ రోడ్డు మీద నడిపిస్తే మా పిల్లలను పంప.

హనుమకొండ టీచరమ్మ:
ఊరేగింపు సాయంత్రమే, మాటిస్తున్నా. ఇక టీచర్లే దొరకాలి. డిగ్రీ పిల్లలకు సరిగ్గా అప్పుడే సెమిస్టర్ పరీక్షలు పడుతున్నాయి. వారం రోజులు రాగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే కింద చెప్పండి, పాఠాల చార్టులు నేనే గీసిస్తాను.