అమ్మకు చెవి నరం మీద గడ్డ: గామా నైఫా, ఆపరేషనా? చేపిచ్చుకున్నోళ్ళు ఎవరన్న ఉంటే చెప్పున్రి

హన్మకొండ_పోరడు:

నమస్తే అన్నలు, అక్కలు. మా అమ్మకు 58 ఏండ్లు. చానా రోజుల సంది ఎడమ చెవిల గుయ్‌మని సప్పుడు వస్తుందంటుండె, ఫోన్ వస్తే కుడి చెవికే పెట్టుకుంటుండె. ఈ మధ్య నడుస్తుంటే ఒక పక్కకు తూలుతుందని ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపిచ్చినం, ఆయన ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీసి ఒక్క చెవిలనే వినికిడి ఇంత తగ్గుడు మంచిది కాదు ఎంఆర్ఐ తీపియ్యిన్రి అన్నడు. అండ్ల అకౌస్టిక్ న్యూరోమా, 2.1 సెంటీమీటర్లు అని వచ్చింది. క్యాన్సర్ కాదన్నరు, అదొక్కటే జర ధైర్యం.

ఇప్పుడు ఇంట్ల లొల్లి ఏందంటే ఇక్కడి న్యూరోసర్జన్ పుర్రె తెరిచి తీసేద్దాం అంటున్నడు, హైదరాబాద్‌ల ఇంకో సార్ కోత అక్కర్లేదు, రేడియేషన్ కిరణాలతోని గామా నైఫ్ చేస్త, మరునాటికి ఇంటికి పోవచ్చు అన్నడు. మా మామ "గడ్డను లోపల్నే ఉంచుకొని తిరుగుడేంది, తీసి పారెయ్యాలె" అంటడు. చిన్నమ్మ "తలకు కరెంటు పెడ్తే జుట్టంత ఊడి మనిషి మతిల ఉండదు" అంటది. అమ్మయితే కత్తి అని వినంగనే నాకేం వద్దు నన్నిట్లనే ఉండనియ్యిన్రి అని కూసుంది. నిజంగ ఒక్క రోజుల అయిపోతదా? గడ్డ మాయమైతదా? వినికిడి మళ్ళ వస్తదా? తెలిసినోళ్ళు జర చెప్పున్రి.

కరీంనగర్_రేడియో:

తమ్మీ, మాది కరీంనగర్, హైదరాబాద్‌ల రేడియోథెరపీ డిపార్ట్‌మెంట్‌ల పనిచేస్త. డాక్టర్‌ను కాదు, మిషన్ కాడ ఉండేటోన్ని, ఆ లెక్కతోనే చదువు.

ముందుగాల అమ్మకు చెప్పు, పేరుకే నైఫ్ గాని కత్తి లేదు, కుట్లు లేవు, మత్తిచ్చి పండవెట్టుడు లేదు. మిషన్ లోపల రేడియేషన్ ఇచ్చే కోబాల్ట్-60 సోర్స్‌లుంటయ్, పాత మోడల్‌ల 201, 2006ల వచ్చిన పర్ఫెక్షన్ మోడల్ సంది 192. ఒక్కోదాన్నుంచి వచ్చే కిరణం సన్నది, బలం తక్కువది, మెదడుల నుంచి పోయినా ఆ దారిల చేసేదేం పెద్దగ ఉండదు, కాని ఎడ్లబండి గీర ఆకులన్ని నడిమిట్ల కలిసినట్టు అన్ని కిరణాలు గడ్డ కాడ కలుస్తయ్, డోసంత అక్కడ పడ్తది. గడ్డ అంచు దాటితే కొద్ది మిల్లీమీటర్లలనే డోసు బాగ పడిపోతది. అందుకే మీ చిన్నమ్మ చెప్పినట్టు జుట్టంత ఊడుడు, మతి పోవుడు దీంట్ల ఉండయ్. ఆమె ఎవరికో తలంతకు వారాల తరబడి కరెంటు పెట్టంగ చూసి ఉంటది, అది వేరే ట్రీట్‌మెంట్.

ఇది నిన్నమొన్నటి ప్రయోగం కూడ కాదు. స్వీడన్‌ల లార్స్ లెక్సెల్ అనే న్యూరోసర్జన్ 1951లనే ఈ ఆలోచన బయట పెట్టిండు, 1960ల చివర్ల మొదటి మిషన్ తయారైంది. మన దేశంల ఢిల్లీ ఎయిమ్స్‌కు 1997లనే వచ్చింది.

గడ్డ మాయమైతదా అన్నవ్. కాదు, ఇది మీ మామకు సరిగ అర్థం కావాలె. గడ్డ అక్కడ్నే ఉంటది, పెరుగుడు ఆగుతది, కొందరికి ఏండ్ల మీద కుంచించుకపోతది. మీ అమ్మ అసొంటి గడ్డలల్ల 90 శాతం కంటె ఎక్కువ మందికి పెరుగుడు ఆగుతది, మూతి వంకర పోయే రిస్కు ఆపరేషన్ కంటె మస్తు తక్కువ. పోయిన వినికిడైతే రాదు. ఉన్నది కాపాడుతందుకు చూస్తరు, అది కూడ ఏండ్లు గడుస్తుంటే తగ్గేటోళ్ళే ఎక్కువ, ఎవరన్న చెవి బాగైతదని చెప్తే నమ్మకు.

ఇంకోటి గుర్తు పెట్టుకో. చేసిన ఆరు నెలలకో ఏడాదికో స్కాన్ తీస్తే గడ్డ ముందటికంటె లావైనట్టు కనవడొచ్చు, నడుమ నల్లగ కనవడ్తది. చానా మందికి అది లోపల కణాలు చస్తుంటే వచ్చే వాపు, తర్వాత తగ్గుతది. ఇది ముందే తెలువకపోతే రిపోర్ట్ చూసి ఇంటిల్లిపాది ఏడుస్తరు, అది చూసి ఎవరో తెలువని డాక్టర్ అర్జెంటుగ ఆపరేషన్ అంటడు. ట్రీట్‌మెంట్ చేసిన టీమ్‌కే చూపియ్యాలె.

భద్రకాళి_భక్తుడు:

ఇవన్ని పైసల కోసం చెప్పే ముచ్చట్లు తమ్మీ. మా బావమర్ది తలల గడ్డ తెరిచి తీసిన్రు, ఇప్పుడు ట్రాక్టర్ నడుపుతుండు. తీసేస్తే పీడ పోతది, మీ మామ చెప్పిందే కరెక్ట్.

కరీంనగర్_రేడియో:

అన్నా, మీ బావమర్ది గడ్డ ఎంత సైజు, ఎక్కడుండె? మూడు సెంటీమీటర్లు దాటినా, బ్రెయిన్‌స్టెమ్‌ను (ఊపిరి, గుండె నడిపే మెదడు కింది భాగాన్ని) గట్టిగ నెడుతున్నా, తలల నీళ్ళు ఆగి ప్రెషర్ పెరిగినా ఆపరేషనే చెయ్యాలె, మేమే వాపస్ పంపుతం. రేడియేషన్ పనిచేసుడు నెలలు పడ్తది, అప్పటిదాక ప్రెషర్ ఆగదు గదా. గ్లయోమా అసొంటి క్యాన్సర్ గడ్డలు మెదడుల ఏర్లోలె పాకుతయ్, వాటికీ ఇది మొదటి మందు కాదు, ముందు ఆపరేషను, ఆ తర్వాత వారాల తరబడి మామూలు రేడియేషను. ఊపిరితిత్తులదో రొమ్ముదో క్యాన్సర్ మెదడుకు పాకి రెండు మూడు చిన్న మచ్చలే ఉంటే మాత్రం తలంతకు కరెంటు పెట్టకుంట ఆ మచ్చలకే ఇస్తరు, మతిమరుపు తక్కువుంటదని. అందరికీ ఒక్కటే మందు అనేటోన్ని, అటోడైనా ఇటోడైనా, నమ్మద్దు.

తమ్మీ, నువ్వు సర్జన్‌ను అడగాల్సింది ఇదే: అమ్మ తూలుడు చెవి నరం దెబ్బతిని వచ్చిందా, బ్రెయిన్‌స్టెమ్ నొక్కుకపోయి వచ్చిందా? 2.1 అంటే సైజు లెక్కల గామా నైఫ్‌కు పనికొస్తది, కాని తేల్చేది ఈ జవాబే. ఒకవేళ రేడియేషన్ ఇచ్చినంక గూడ పెరిగితే అప్పుడు తీసుడు సర్జన్‌కు ఇంకింత కష్టమైతది, ఆ మాట గూడ ముందే మాట్లాడుకోన్రి.

జనగామ_సరళక్క:

నేను చేపిచ్చుకున్న, నాది గడ్డ కాదు, మూతి నరం నొప్పి, ట్రైజెమినల్ న్యూరాల్జియా. పండ్లు తోముకున్నా, గాలి తగిలినా చెంపల కరెంటు షాక్ కొట్టేది, అన్నం ముద్ద నోట్ల పెట్టాలంటే భయం. మాకు దగ్గర్ల ఒక పంటి డాక్టర్ మంచి పండ్లే రెండు పీకిండు, నొప్పి అట్లనే ఉండె. కార్బమాజెపైన్ గోలీలతోని తగ్గింది గాని డోసు పెంచుకుంట పోయేసరికి పొద్దంత మబ్బు, రక్తంల సోడియం పడిపోయింది. అప్పుడు ఇది చెప్పిన్రు.

ఆ రోజు ఎట్లుంటదో చెప్త, అమ్మకు చదివి వినిపియ్యి. పొద్దున్నే నుదుటికి రెండు దిక్కుల, వెనుక రెండు దిక్కుల మత్తు సూదులు ఇచ్చిన్రు, నొప్పి అంటే ఆ సూదులదే, బాగ మండుతది. తర్వాత లోహం ఫ్రేమ్ తలకు పెట్టి నాలుగు స్క్రూలు బిగిచ్చిన్రు, మొదట తల పిసికినట్టు అనిపిచ్చి కొద్దిసేపటికి మొద్దువారింది. జుట్టు గీకలేదు. తర్వాత బొక్కలున్న గుండ్రటి ప్లాస్టిక్ టోపీ అసొంటిది ఫ్రేమ్ మీద పెట్టి ఒక్కో బొక్కల నుంచి స్కేలు పుల్ల గుచ్చి తల కొలతలు రాసుకున్నరు, అది చూసి నాకు నవ్వొచ్చింది, బ్లౌజ్ కొలతలకు పోయినప్పుడు గూడ అన్ని రాసుకోలే. ఫ్రేమ్‌తోనే ఎంఆర్ఐ తీసి, డాక్టర్లు కంప్యూటర్ ముందట ప్లాన్ చేసేదాక బయట కూసోవెట్టిన్రు, ఆ ఎదురుచూసుడే ఎక్కువ విసుగు. మిషన్ల పండుకున్నప్పుడు ఏం తెలువదు, లోపల ఒక్కదాన్నే, కాని కెమెరా ఉంటది, మైకుల మాట్లాడుతరు. పాటలు పెడ్తమన్నరు గాని నాకు నిద్రే వచ్చింది. ఫ్రేమ్ విప్పినంక స్క్రూల కాడ రక్తం చుక్కలు కారితే పట్టీ కట్టిన్రు, రెండు రోజులు తల బరువున్నది, అంతే.

నొప్పి మాత్రం ఎంటనే పోలేదు, వారాల తర్వాత మెల్లగ తగ్గింది, అప్పటిదాక గోలీలు ఆపద్దన్నరు. ఇప్పుడు ఆ పక్క పెదవి కొద్దిగ మొద్దుగ ఉంటది, చాయ్ వేడి తెలువదు, కాని ముద్ద దిగుతుంది, నాకదే సాలు. అమ్మను భయపడద్దను.

గోదావరిఖని_సింగరేణి:

సరళక్క చెప్పినట్టు ఎంటనే పోదు అన్నది మీ మామకు గట్టిగ చెప్పు తమ్మీ. మా తమ్మునికి మెదడుల రక్తనాళాల ముడి, ఏవీఎం అంటరు, ఫిట్స్ వస్తే బయటపడ్డది. లోతుల ఉన్నది, తెరుస్తే చెయ్యి కాలు పడిపోవచ్చని గామా నైఫ్ చేసిన్రు. అది మూసుకపోవాలంటే రెండు మూడేండ్లు పడ్తదట, అప్పటిదాక రక్తం కారే ప్రమాదం అట్లనే ఉంటదట, ఇది చేపిచ్చుకున్న రోజే సంతకం పెట్టిచ్చుకునేటప్పుడు చెప్పిన్రు. వాడేమో ఇంటికొచ్చిన్నాడే బాగైన, బండి తీస్త అన్నడు, ఫిట్స్ గోలీలు కూడ దాసిపెట్టిండు, మా నాయిన కర్ర పట్టుకొని గోలి మింగిచ్చెటోడు. లాస్ట్‌కు యాంజియోగ్రామ్‌ల (రక్తనాళాల ఫొటో తీసే పరీక్ష) మొత్తం మూసుకపోయిందని వచ్చినంక గని మా ఇంట్ల ఎవ్వరికి కంటినిండ నిద్ర లేదు.

హన్మకొండ_పోరడు:

అందరికి దండాలు. సరళక్కా, మీరు రాసింది అమ్మకు చదివి వినిపిచ్చిన, బ్లౌజ్ కొలతల కాడ నవ్వింది, అయితే చూద్దాం అన్నది. రేడియో అన్నా, ఇంకొన్ని అడుగుత ఏమనుకోకు. అమ్మకు షుగరున్నది, ఇబ్బందైతదా? చేసినంక ఇంట్ల మా చెల్లె బాలింత, పసిపిల్ల ఉన్నది, అమ్మ దగ్గరికి రానియ్యొచ్చా? ఇంకో దవాఖానల సైబర్ నైఫ్ అంటున్నరు, అది వేరేనా? ఆరోగ్యశ్రీల అయితదా?

కరీంనగర్_రేడియో:

షుగరుంటే రేడియేషన్‌కు అడ్డం లేదు, కాని వాపు తగ్గుతందుకు స్టెరాయిడ్ ఇస్తే షుగర్ ఎగబాకుతది, ముందే చెప్పి రోజు చూసుకోన్రి. రక్తం పల్చబడే గోలీలు ఏమన్న వాడితే అది కూడ చెప్పాలె. పసిపిల్లను నిమ్మళంగ ఎత్తుకోమను. మనిషి మిషన్ బయటికి రాంగనే కిరణాలు బంద్, ఒంట్లో ఏం మిగలదు.

సైబర్ నైఫ్‌ల కోబాల్ట్ ఉండదు, రోబో చెయ్యికి చిన్న లినాక్ (కరెంటుతోని కిరణాలు పుట్టిచ్చే) మిషన్ పెట్టి దిక్కుదిక్కుల నుంచి కొడ్తరు, స్క్రూల ఫ్రేమ్ బదులు మాస్కుంటది, తరచుగ మూడు నుంచి ఐదు సిట్టింగ్‌లల్ల ఇస్తరు. మామూలు లినాక్ మీద గూడ మంచి టీమ్ ఉంటే ఇదే పని చేస్తరు. గామా నైఫ్‌ల గూడ 2015ల వచ్చిన ఐకాన్ మోడల్‌కు మాస్కుతోని చేసే వీలున్నది. కోబాల్ట్ ఐదేండ్లకు సుమారు సగం బలం తగ్గుతది గాబట్టి పాత సోర్స్ ఉన్న కాడ ఎక్కువసేపు పండుకోవాలె, డోసు మాత్రం అదే. నన్నడిగితే మిషన్ పేరు పట్టుకొని తిరగకు, ఈ గడ్డ మీద ఎన్ని కేసులు చేసిన్రు, న్యూరోసర్జన్, రేడియేషన్ డాక్టర్, డోసు లెక్క కట్టే ఫిజిసిస్ట్ ముగ్గురు కూసొని ప్లాన్ చేస్తరా లేదా, అది అడుగు.

ఆరోగ్యశ్రీ లిమిట్ 2023 డిసెంబర్ సంది 10 లక్షలు, కాని లిమిట్ వేరు ప్యాకేజీ వేరు. నువ్వు పోయే దవాఖానల ఈ ప్రొసీజర్ ఆ ప్యాకేజీల ఉన్నదా అని అడ్మిట్ కాకముందే అక్కడి ఆరోగ్యమిత్రను అడుగు, లేదంటే సీఎం రిలీఫ్ ఫండ్ సంగతి ఎమ్మెల్యే ఆఫీసుల కనుక్కో. ముందు నిమ్స్ న్యూరోసర్జరీ ఓపీల కూడ ఒక మాట అడిగితే మంచిది, వాళ్ళకు ఇటు లాభం లేదు అటు లాభం లేదు.

హన్మకొండ_పోరడు:

సరే అన్నా, సోమవారం కాజీపేటల తెల్లారగట్ల బండెక్కి పోతున్నం. ఎంఆర్ఐ ఫిల్మ్‌లు, రిపోర్ట్ తీస్కపోతే సాలా?

కరీంనగర్_రేడియో:

సాలదు. స్కాన్ సెంటర్‌ల సీడీ అడిగి తీస్కో, ఫిల్మ్ మీద కొలతలు సరిగ రావు. ఆడియోగ్రామ్ పేపర్ కూడ పెట్టుకో, ఉన్న వినికిడి ఎంతో అండ్లనే తెలుస్తది. మొదటి బండికే పోన్రి, ఓపీ టికెట్ లైన్ పొడుగుంటది.