ఆటోనగర్‌లో హెలికాప్టర్: వాటా కొనవచ్చా, కూడదా?

బెజవాడ మదుపరి:
మన ఆటోనగర్‌లో యంత్రభాగాలు తయారుచేసే ఒక చిన్న సంస్థ, ఇద్దరు కూర్చునే తేలికపాటి హెలికాప్టర్‌ను విదేశీ ధరలో మూడో వంతుకే తయారు చేస్తామని చెబుతూ, తెలిసినవారి నుంచి వాటాల సొమ్ము సేకరిస్తున్నది. వారు ఆదర్శంగా చూపుతున్నది అమెరికా ఇంజనీరు ఫ్రాంక్ రాబిన్సన్‌ను. ఆయన 1973లో కాలిఫోర్నియాలోని తన ఇంట్లోనే సంస్థను ప్రారంభించి, రెండు సీట్ల ఆర్22 హెలికాప్టర్‌ను 1975లో ఎగురవేసి, 1979లో ప్రభుత్వ ధ్రువీకరణ సంపాదించారు. ఈ ఉదాహరణను నమ్మి డబ్బు పెట్టవచ్చా?

లేత్ మేస్త్రి, ఆటోనగర్:
పెట్టవచ్చుననే నా అభిప్రాయం. ఆర్22లో ఉన్నది నాలుగు సిలిండర్ల మామూలు పెట్రోలు ఇంజనే. దాని శక్తిని రోటర్ (పైన తిరిగే రెక్కల చక్రం) వైపు అందించేవి కూడా మన పిండిమరల్లో కనిపించే వి-బెల్టుల వంటివే. గేరు పళ్లు కోయడం, షాఫ్టు తిప్పడం, పైపులను వెల్డింగు చేసి చట్రం కట్టడం ఇక్కడివారికి చేతనైన పనులే. హైదరాబాదు దగ్గర ఆదిభట్లలో అపాచీ యుద్ధ హెలికాప్టర్ల మొండేలు తయారై అమెరికాకు వెళుతున్నాయి కదా. మనవల్ల కాదని ముందే తీర్మానించడం నాకు నచ్చదు.

గుంటూరు ఇంజనీరు:
మేస్త్రి గారూ, మీ పనితనం మీద నాకు అనుమానం లేదు. అయితే హెలికాప్టర్ ధరలో లోహం, కూలీ కలిసినా చిన్న భాగమే. ఆ లోహం ఎన్ని గంటల తరువాత అలసి విరుగుతుందో ముందుగా నిరూపించడానికయ్యే ఖర్చే పెద్దది. రెక్కలు, వాటిని మధ్యలో పట్టి ఉంచే రోటర్ హబ్ ప్రతి చుట్టులోనూ వంగి లేస్తుంటాయి కాబట్టి, ఒక్కొక్క భాగాన్నీ నేల మీదే యంత్రానికి బిగించి లక్షల సార్లు వంచి, దాని ఆయుష్షు తేల్చాలి. ఆర్22కు 2,200 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అప్పుడు పూర్తి మరమ్మతు చేయాలన్న నియమం ఇటువంటి లెక్కల నుంచి వచ్చినదే.

రాబిన్సన్ కథలో ఈ సంస్థవారు చెప్పని భాగం ఒకటి ఉన్నది. ఇంట్లో బల్ల వేసుకుని కూర్చునేనాటికే ఆయన సెస్నా, కామన్, బెల్, హ్యూస్ వంటి సంస్థల్లో పనిచేసిన హెలికాప్టర్ ఇంజనీరు. అంతటివాడు చేసిన యంత్రంలోనూ తేలికదనానికి మూల్యం ఉన్నది: రెక్కలు తేలిక కావడంతో ఇంజన్ ఆగినప్పుడు వాటి వేగం త్వరగా పడిపోతుంది, పైలట్ రెండు సెకన్లలోపే, రెక్కల వాలును మార్చే మీట అయిన కలెక్టివ్‌ను దించాలి. ప్రమాదాల తరువాత 1995లో అమెరికా విమానయాన శాఖ ఆర్22, అదే సంస్థ చేసిన ఆర్44 పైలట్లకు ప్రత్యేక శిక్షణను తప్పనిసరి చేసింది. ఫ్రాన్సులో బ్రూనో గింబాల్ అనే మరో అనుభవజ్ఞుడి కాబ్రీ అనే చిన్న హెలికాప్టర్ నమూనా 1992లో ఎగిరితే, జీ2 పేరుతో ధ్రువీకరణ పొందేసరికి 2007 వచ్చింది. మన దేశంలో ప్రభుత్వ ప్రయోగశాల చేసిన రెండు సీట్ల హంస విమానానికే తొలిసారి ఎగిరిన 1993 నుంచి ధ్రువీకరణ దక్కిన 2000 వరకు పట్టింది. సేకరిస్తున్న సొమ్ము అన్నేళ్ల జీతాలకు సరిపోతుందా?

లేత్ మేస్త్రి, ఆటోనగర్:
ధ్రువీకరణ అంత భారమైతే, విడిభాగాల కిట్టుగా అమ్మి, కొన్నవారినే బిగించుకోమనవచ్చు కదా.

గుంటూరు ఇంజనీరు:
ఆ దారినీ అమెరికాలో ఒకరు తొక్కారు. 1990లలో మినీ-500 అనే ఒంటి సీటు కిట్ హెలికాప్టర్ చౌక ధర చూసి వందల మంది కొన్నారు. దానికి టూ-స్ట్రోక్ ఇంజన్ పెట్టారు. ఇంజన్ ఆగిపోవడాలు, ప్రాణాలు తీసిన ప్రమాదాలు వరుసగా రావడంతో ఆ దశాబ్దం ముగిసేలోపే సంస్థ మూతపడింది. బిగించినవాడిదే తప్పని అమ్మినవాడు, నమూనాలోనే లోపమని కొన్నవాడు వాదించుకుంటుంటే, నష్టపరిహారం ఎవరి నుంచి రాబట్టాలి?

తాడేపల్లి పాఠకురాలు:
మీ ఇద్దరూ తయారీ దగ్గరే ఆగిపోయారు, కొనేవారెవరన్నది నా సందేహం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడలోని సింగ్‌నగర్ మునిగినప్పుడు ఆహారం జారవిడిచిన హెలికాప్టర్లను తలచుకుని, ఇటువంటిది జిల్లాకొకటి ఉండాలని సంస్థవారు ప్రచారం చేస్తున్నారు. ఆర్22 స్థాయి యంత్రం గరిష్ఠ బరువు సుమారు 620 కిలోలు, ఖాళీ బరువు సుమారు 400. మిగిలిన 220లో ఇద్దరు మనుషులు, ఇంధనం పోగా ఆహార పొట్లాలకు దక్కేది ఏ ఇరవై కిలోలో. ఆ వరదలో డ్రోన్లు కూడా పొట్లాలు మోశాయి, వాటిలో పైలట్ ప్రాణం పణంగా పెట్టనవసరం లేదు.

పైగా మన మే నెల ఎండ సంగతి వారి కాగితాల్లో ఎక్కడా లేదు. ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరితే, కృష్ణ ఒడ్డున ఉన్న యంత్రం కూడా వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉన్నంత పలుచని గాలిలో పనిచేయాలి, మోయగల బరువు ఇంకా తగ్గుతుంది. అయితే పైలట్ శిక్షణకు ఇటువంటి చిన్న యంత్రాలు ప్రపంచమంతటా వాడుతున్నారు, అక్కడ గిరాకీ నిజమే. వరద మాట పక్కన పెట్టి శిక్షణ మాట చెబితే నేనూ వింటాను.

బెజవాడ మదుపరి:
ముగ్గురికీ కృతజ్ఞతలు. రెక్క అలసట పరీక్షకు ఎంత సొమ్ము కేటాయించారో, ఎగిరే దశలో బీమా ఇచ్చేదెవరో రాతపూర్వకంగా తెలపమని సంస్థవారిని అడుగుతాను. ఆ రెండింటికీ జవాబు లేకుంటే వాటా కొనను.

లేత్ మేస్త్రి, ఆటోనగర్:
అడగండి, తప్పులేదు. కాని పరీక్షకు చాలినంత సొమ్ము పోగయ్యేదాకా ఎవరూ ఇవ్వకపోతే, ఆ పరీక్ష ఎప్పటికి మొదలవుతుంది? నేను నష్టపోయినా ఫరవాలేదనుకున్న చిన్న మొత్తానికి ఒక వాటా తీసుకుంటున్నాను.