మే నెల ఓపెన్ గ్రౌండ్ షో: సోల్-పాప్ గొంతుకి సౌండ్ ఎలా సెట్ చేయాలి?

కచేరి_కుర్రాడు:
అన్నలకు నమస్కారం. మే రెండో వారంలో హైదరాబాద్ శివార్లలో షో ఉంది. జనం 1,500 దాకా వస్తారు, స్టేజీ నుంచి చివరి వరుస 60 మీటర్లు. సౌండ్‌చెక్ 4 గంటలకు, షో 7కి. సింగర్ ఒక్కరే గానీ పాటకీ పాటకీ పోలిక ఉండదు: ఒకటి అడెల్ తరహా నిండు గొంతు, ఇంకోటి సామ్ స్మిత్ తరహా ఫాల్సెటో (సన్నగా పలికే పై స్థాయి గొంతు), మధ్యలో గుసగుసలా సాగే చరణాలు. వెనక డ్రమ్స్, బేస్, కీబోర్డ్, గిటార్, ఇద్దరు కోరస్. మెల్లగా పాడితే బ్యాండ్‌లో మునిగిపోతోంది, గొంతెత్తితే చెవుల్లో గుచ్చుకుంటోంది. కంప్రెసర్ (పెద్ద శబ్దాన్ని నొక్కి, చిన్నదానితో తేడా తగ్గించేది) గట్టిగా వేస్తే మైక్ కూత పెడుతోంది. ఏ మైక్ వాడాలి? డిలే స్పీకర్లు (వెనక వరుసల కోసం మైదానం మధ్యలో పెట్టి, కాస్త ఆలస్యంగా మోగించేవి) కావాలా?

ఫేడర్_మీద_వేలు:
ముందు కంప్రెసర్ సంగతి వదిలేసి, మైక్‌కీ నోటికీ మధ్య దూరం చూడండి. గుసగుసకి రెండున్నర సెంటీమీటర్లు, గొంతెత్తినప్పుడు పది. దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డీబీ (డెసిబెల్, శబ్ద స్థాయి కొలత) తగ్గుతుంది కాబట్టి అక్కడికక్కడే 12 డీబీ సర్దుకుంటుంది. ఏ ప్లగిన్ (సౌండ్‌ని మార్చే సాఫ్ట్‌వేర్) కూడా ఇంత శుభ్రంగా చేయలేదు. సింగర్‌తో రిహార్సల్‌లోనే మాట్లాడండి, స్టేజీ మీద చెబితే గుర్తుండదు.

దీనికో చిక్కుంది. మైక్ దగ్గరగా ఉంటే కింది స్వరాలు ఉబ్బుతాయి, దూరం జరిగితే గొంతు పలచబడుతుంది. అందుకని 200-250 హెర్ట్జ్ దగ్గర శాశ్వతంగా కోయకండి. డైనమిక్ ఈక్యూ (ఎంచుకున్న స్వరాలని అవసరమైనప్పుడే సర్దేది) పెట్టి, ఉబ్బినప్పుడే 3-4 డీబీ తగ్గేలా చేయండి. గుచ్చుకునేది 2.5 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య, దానికీ ఇదే మందు.

గెయిన్‌ని (మైక్ సిగ్నల్‌ని మిక్సర్‌లోకి తీసుకునే మోతాదు) అన్నిటికంటే గట్టి పల్లవికి సెట్ చేయండి. సౌండ్‌చెక్‌లో ఎవరూ పూర్తి గొంతు పెట్టరు, ఇంకో 6 డీబీ ఖాళీ వదలండి. ఆ తర్వాతే కంప్రెసర్, అదీ రెండు మెట్లలో. మొదటిది 2:1 (హద్దు దాటిన ప్రతి 2 డీబీని 1గా నొక్కడం), అటాక్ (నొక్కడానికి పట్టే సమయం) 25 మిల్లీసెకండ్లు, 3 డీబీ తగ్గింపు. రెండోది 4:1, అటాక్ 4 మిల్లీసెకండ్లు, గొంతెత్తినప్పుడు మాత్రమే పట్టాలి. ఒక్కదానితోనే 10 డీబీ నొక్కి ఆ మేరకు మేకప్ గెయిన్ (నొక్కినంతా తిరిగి పెంచడం) ఇస్తే, మెల్లగా పాడే చోట డ్రమ్స్ చప్పుడూ గాలి హోరూ పైకి లేస్తాయి. ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ ధ్వని మళ్లీ మైక్‌లోకి పోయి కూత రావడం) రాకుండా ఉన్న వెసులుబాటు కూడా అంతే తగ్గుతుంది. మీ మైక్ కూత పెట్టేది అందుకే. మానిటర్ సెండ్‌ని (సింగర్ తన గొంతు వినడానికి పంపే సిగ్నల్‌ని) కంప్రెసర్‌కి ముందు నుంచి తీసుకోండి. మిగిలిన తేడా ఫేడర్ (మిక్సర్‌లో శబ్దం పెంచి తగ్గించే జారుడు మీట) మీద వేలితో సర్దాల్సిందే. పాటల వరుస, సాహిత్యం ప్రింట్ తీసి పక్కన పెట్టుకోండి.

వెడ్జ్_వెనకాల:
మైక్ గురించి. నాయ్‌మాన్ కేఎంఎస్ 105 ఫాల్సెటోలోని ఊపిరిని కూడా పట్టుకుంటుంది, కానీ అది కండెన్సర్ (సున్నితమైన రకం మైక్), మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు కావాలి, డ్రమ్స్ దగ్గరగా ఉంటే సింబల్స్ మోత దాంట్లోకి దిగుతుంది. చిన్న స్టేజీ అయితే ష్యూర్ బీటా 58ఏ వాడండి.

ఇవి రెండూ సూపర్‌కార్డియాయిడ్ (ముందు నుంచి వచ్చేదాన్నే ఎక్కువగా పట్టే ఇరుకు నమూనా). వీటికి సరిగ్గా వెనక వైపు కొంచెం వినిపిస్తుంది. అసలు చెవిటి చోట్లు మైక్ ముందు వైపు నుంచి సుమారు 126 డిగ్రీల దగ్గర, రెండు పక్కలా ఉంటాయి. వెడ్జ్‌లని (సింగర్ కోసం నేల మీద పెట్టే మానిటర్ స్పీకర్లు) సింగర్ ఎదురుగా కాకుండా కుడి ఎడమలకు జరపండి. ఎస్ఎమ్58 లాంటి కార్డియాయిడ్‌కి (సరిగ్గా వెనక వైపు చెవిటిగా ఉండే నమూనా) మాత్రమే వెడ్జ్ నేరుగా ఎదురుగా.

గాలి వీస్తే లోపలి స్పాంజి చాలదు, బయట ఫోమ్ తొడుగు వేసి 100-120 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకన్నా కింది మోతని కోసే ఫిల్టర్) పెట్టండి. ఇన్-ఇయర్ (చెవిలో పెట్టుకునే మానిటర్) అయితే నడుముకి కట్టే బెల్ట్‌ప్యాక్‌లోకి చెమట దిగకుండా కవర్ తొడగండి.

గాలివాటం:
డిలే కావాలి. 35 మీటర్ల దగ్గర రెండు స్టాండ్లు చాలు. ధ్వని వేగం సుమారు 331 + 0.6 × ఉష్ణోగ్రత. 40 డిగ్రీలకు సెకనుకు 355 మీటర్లు, అంటే 35 మీటర్లకు 99 మిల్లీసెకండ్లు. దానికి ఇంకో 10 కలిపితే పాట స్టేజీ నుంచే వస్తున్నట్టు ఉంటుంది. రాత్రి చల్లబడినా తేడా ఒకటిన్నర మిల్లీసెకండ్ లోపే, దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి.

అసలు చూసుకోవాల్సింది పై స్వరాలు. 40 డిగ్రీల్లో తేమ 20 శాతం ఉంటే 8 కిలోహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకు సుమారు 11 డీబీ గాలే మింగేస్తుంది. విశాఖలాంటి చోట, 30 డిగ్రీలు, 70 శాతం తేమలో అది 6 డీబీయే. కాబట్టి తీరంలో సెట్ చేసిన ఫైల్‌ని హైదరాబాద్‌లో అలాగే తెరిస్తే వెనక వరుసలకు హల్లులు అందవు. మెయిన్ స్పీకర్లలో పెంచితే ముందు వరుసలకు నరకం. డిలే స్టాండ్లలోనే పై స్వరాలు పెంచండి.

ఇంకోటి. పగలు నేల కాలి ఉంటుంది కాబట్టి ధ్వని పైకి వంగుతుంది, సూర్యుడు దిగాక నేల చల్లబడి కిందికి వంగుతుంది. 4 గంటలకు బయట వినపడనిది 9కి పక్క కాలనీదాకా పోతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం సరిహద్దు దగ్గర 75 డీబీ(ఏ) (చెవికి వినిపించే తీరుకి సరిచేసిన డెసిబెల్), లేదా ఆ ప్రాంతానికి నిర్ణయించిన శబ్ద పరిమితి కన్నా 10 ఎక్కువ, రెండిట్లో ఏది తక్కువైతే అది. రాత్రి 10కి ప్రత్యేక అనుమతి లేకపోతే ఆపేయాలి. సబ్‌వూఫర్ల (కింది స్వరాల స్పీకర్లు) మోత వెనక్కి పోకుండా, వెనక బాక్సుని 1.4 మీటర్ల దూరంలో పెట్టి పొలారిటీ తిప్పి (సిగ్నల్‌ని తలకిందులు చేసి) 4 మిల్లీసెకండ్ల డిలే ఇవ్వండి. 63 హెర్ట్జ్ చుట్టూ బాగా పనిచేస్తుంది.

కచేరి_కుర్రాడు:
చాలా స్పష్టంగా చెప్పారు. బయట గోడలు లేవు కదా, రివర్బ్ (గదిలో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని ప్రభావం) ఎంత వేయాలి?

ఫేడర్_మీద_వేలు:
ప్లేట్ (ఒక రకం రివర్బ్) 1.6 సెకన్లు, ప్రీ-డిలే (గొంతు తర్వాత రివర్బ్ మొదలవడానికి ముందు విరామం) 40 మిల్లీసెకండ్లు, రివర్బ్‌లో 250 హెర్ట్జ్ కింద అంతా కోసేయండి. నెమ్మది పాటలకి ఎకోని టెంపోకి కట్టండి: 72 బీపీఎం (నిమిషానికి బీట్లు) అయితే అర బీట్‌కి 417 మిల్లీసెకండ్లు. సింగర్ జనంతో మాట్లాడేటప్పుడు రెండూ మ్యూట్. యాంప్ ర్యాక్‌కి వెనక గాలి ఆడేలా నీడ ఏర్పాటు చేయించండి, ఎండలో థర్మల్ కట్ (వేడెక్కి దానంతట అదే ఆగిపోవడం) అయితే ఈ లెక్కలేవీ పనికిరావు.